వాకిలి పండుగ, గట్టు పండుగ: తుంగతుర్తి ప్రాంత శీతకాల సంప్రదాయాలు – సాహిత్య విమర్శ

వ్యాససంగ్రహం:

తెలుగు సాహిత్యంలోనూ, పండుగలపై జరిగిన పరిశోధనలోనూ శీతకాలమంటే సంక్రాంతి, సంక్రాంతి అంటే డెల్టా పల్లె అనే భావన స్థిరపడింది. ధాన్యం చేరిన ఇంటి వాకిట్లో నిలబడి పండుగను చూడటం ఈ భావనకు మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. సూర్యాపేట జిల్లా తుంగతుర్తి పరిసరాల చలికాలాన్ని, మాఘమాసంలో జరిగే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరను ఆధారంగా తీసుకొని ఆ చూపు పరిమితిని పరిశీలిస్తున్నది.

కీలకపదాలు: సంక్రాంతి, మాఘమాసం, పెద్దగట్టు, లింగమంతుల స్వామి, వెట్టి, కథనస్థానం, తుంగతుర్తి.

1. ఉపోద్ఘాతం:

జానపద విజ్ఞాన పరిశోధనలో పండుగల అధ్యాయం చాలాకాలంగా ఒక మూసలో నడుస్తున్నది. భోగిమంటలు, గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు, కొత్త అల్లుడు, కోడిపందెం, కనుమనాటి మినుము అనే పట్టికను ముందుంచుకొని, ఏ ఊళ్లో ఏది ఉన్నదో ఏది లేదో నమోదు చేయడంతో పని పూర్తయినట్లు భావించడం అలవాటైంది. ఈ పట్టిక పట్టుకొని తుంగతుర్తి వంటి ఊరికి వెళ్లిన పరిశోధకుడికి సగం గడులు ఖాళీగానే మిగులుతాయి. ఆ ఖాళీలను చూసి “ఈ ప్రాంతంలో సంక్రాంతి అంత వైభవంగా జరగదు, ఇక్కడ బతుకమ్మ, దసరాలే పెద్ద పండుగలు” అని ఒక వాక్యం రాసి ముందుకు సాగడం సులభం. ఆ వాక్యంలో అబద్ధం లేదు. అయితే దసరా తరువాత ఉగాది దాకా ఉన్న ఐదారు నెలల్లో ఆ ఊరివారు ఏం చేస్తున్నారనే ప్రశ్నకు అందులో జవాబు కూడా లేదు.

ఒక నమూనాలో ఇమడని దాన్ని లేనిదిగా లెక్కించడం తెలుగు సాహిత్య చరిత్రకు కొత్త కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. కవుల విషయంలో ఆ జవాబు తొంభై ఏళ్ల కిందటే వచ్చింది. పండుగల విషయంలో ఇంకా పట్టికలే నింపుతున్నాం.

2. వాకిట్లో నిలిచిన చూపు:

సంక్రాంతిని వర్ణించే కవితలను, కథలను, పత్రికల ప్రత్యేక సంచికల వ్యాసాలను ఒకచోట చేర్చి చదివితే అన్నింటిలోనూ ఒకే నిర్మాణం కనిపిస్తుంది. తెల్లవారుతుంది. వాకిట్లో ముగ్గు ఉంటుంది. ఆ ముగ్గు దగ్గరికి వరుసగా మనుషులు వస్తారు. తలమీద అక్షయపాత్రతో హరిదాసు వస్తాడు. సన్నాయి వాయిస్తూ గంగిరెద్దులవాడు వస్తాడు. డమరుకంతో బుడబుక్కలవాడు, గంటతో జంగమదేవర వస్తారు. ఇంటి ఇల్లాలో, చిన్నపిల్లో గుప్పెడు బియ్యం పోస్తుంది. వచ్చినవాడు దీవించి వెళ్లిపోతాడు. కథకుడు మాత్రం ఎక్కడికీ వెళ్లడు. అతడు ఇంటివాడు.

ఈ సాహిత్యంలోని అందమూ, దాని పరిమితీ ఈ కథనస్థానంలోనే ఉన్నాయి. ఇక్కడ హరిదాసు ఒక దృశ్యం. అతడు ఏ ఊరి నుంచి, ఏ జామున బయలుదేరాడో, ఎన్ని ఇళ్లు తిరిగితే పాత్ర నిండుతుందో, నెల గడిచాక మిగిలిన పదకొండు నెలలు ఏం చేస్తాడో కథనం అడగదు. గంగిరెద్దు తల ఊపడం కనిపిస్తుంది గాని, దానికి తల ఊపడం నేర్పిన వాని గుడిసె కనిపించదు. పంట ఇంటికి చేరిన తరువాత, పంట లేనివారు పంట ఉన్నవారి వాకిలికి రావడం ఈ పండుగలోని ఆర్థిక సంబంధం. దాన్ని దాతృత్వంగా వర్ణించడానికి దాత వాకిట్లోనే నిలబడాలి.

ఇది తెలుగువారికే ప్రత్యేకమైన విషయమూ కాదు. చలికాలంలో ఇంటి గుమ్మానికి అతిథులు రావడం లోకమంతటా ఉన్న సంప్రదాయం. ఇంగ్లండు పల్లెల్లో క్రిస్మస్ రోజుల్లో పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగి తినుబండారాలు, పానీయాలు అందుకొనే బృందాలు ఉండేవి. జపానులోని అకితా ప్రాంతపు ఓగా ద్వీపకల్పంలో సంవత్సరాంతపు రాత్రి ‘నమహాగె’ అనే రాక్షస వేషధారులు గడ్డి దుస్తులతో ఇళ్లలోకి వచ్చి సోమరి పిల్లలను గద్దిస్తారు. ఇంటివారు వారికి విందు పెట్టి పంపుతారు. వేషం, దేవుడు, తిండి వేరుకావచ్చు. గాదె నిండిన ఇల్లు ఒకటి ఉండటం, దాని గుమ్మం ముందు ఒక మనిషి నిలబడటం అన్నిచోట్లా ఉన్నవే. ఇరాన్‌వారి ‘యల్దా’ రాత్రికి ఈ అతిథి కూడా అక్కరలేదు. ఏడాదిలో దీర్ఘమైన ఆ రాత్రి కుటుంబమంతా పెద్దల ఇంట చేరి దానిమ్మ, పుచ్చకాయ తింటూ హాఫిజ్ కవిత్వం చదువుకొంటారు. అక్కడ అతిథి స్థానంలో పుస్తకం ఉన్నది.

ఒక ప్రాంతపు చలికాలం అందరి చలికాలంగా మారడానికి సాహిత్యం చేసే దోహదమెంతో తెలుసుకోవాలంటే చార్లెస్ డికెన్స్‌ను చూడాలి. 1843లో వచ్చిన ‘ఎ క్రిస్మస్ కారల్’ తరువాత క్రిస్మస్ అంటే మంచు, పొగమంచు లండన్ వీధి, వెచ్చని పొయ్యి అనే చిత్రం ఆంగ్లభాష వెళ్లిన చోటల్లా వెళ్లింది. డిసెంబరులో నడివేసవి ఉండే ఆస్ట్రేలియాలో కూడా శుభాకాంక్షల కార్డుల మీద మంచు కురిసింది. తెలుగులో డికెన్స్ స్థాయి ఒక్క గ్రంథం ఈ పని చేయలేదు. వార్తాపత్రికలు, పాఠ్యపుస్తకాలు, చలనచిత్రాలు కలిసి చేశాయి. కృష్ణా గోదావరి డెల్టాల వాకిలి వాటిద్వారా తెలుగువారందరి వాకిలి అయింది.

3. తుంగతుర్తి చలికాలం:

2016లో నల్గొండ జిల్లా నుంచి ఏర్పడిన సూర్యాపేట జిల్లాను నీటి ఆధారంగా చూస్తే రెండు భాగాలుగా కనిపిస్తుంది. దక్షిణాన కోదాడ, హుజూర్‌నగర్, జిల్లా సరిహద్దు దాటితే మిర్యాలగూడ – ఇవి నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది మాగాణులు. ఉత్తరాన తుంగతుర్తి, తిరుమలగిరి, అర్వపల్లి వైపు మెట్టనేల. అక్కడ చెరువు, బావి, వాన – ఈ మూడింటి మీదే తరతరాల సేద్యం నడిచింది. చెరువు నిండిన ఏడు వరి. నిండని ఏడు జొన్న, కంది, పెసర. తరువాతి కాలంలో పత్తి. ఇటువంటి నేలలో పంట ఒకే వారంలో గాదెకు చేరదు. సంక్రాంతి నాటికి వరి కోత ఎప్పుడో ముగిసి ఉంటుంది, కంది కోతలో ఉంటుంది, పత్తి ఇంకా చేనుమీదే ఉంటుంది. పంట మొత్తం ఇల్లు చేరిన గుర్తుగా ఒకే పెద్ద పండుగ జరుపుకోవడానికి కావలసిన కాల సామ్యం ఈ సేద్యంలో లేదు.

అయినా సంక్రాంతి ఇక్కడ లేదనడం తప్పు. ముగ్గు ఉన్నది, గొబ్బెమ్మ ఉన్నది, పిల్లల చేతిలో పతంగి ఉన్నది, స్త్రీల సంక్రాంతి నోములూ వాయనాలూ ఉన్నాయి. అన్నింటికంటే ముఖ్యంగా సకినాలు ఉన్నాయి. బియ్యం నానబెట్టి దంచిన తడిపిండిలో నువ్వులు, వాము కలిపి, పరచిన బట్టమీద వేళ్లతో చుట్లుచుట్లుగా చుట్టి, ఆరిన తరువాత నూనెలో కాలుస్తారు. ఒక్కరి చేతిమీద అయ్యే పని కాదిది. ఈరోజు ఒక ఇంట, రేపు ఇంకొక ఇంట ఇరుగుపొరుగు స్త్రీలు చేరి చుట్టాలి. అందరి చేతికీ ఆ మెళకువ రాదు కనుక చుట్టడం వచ్చిన పెద్దామెకు ఆ వారం రోజులు వాడలో గిరాకీ. ఆడబిడ్డ అత్తవారింటికి సకినాలు పంపడం పుట్టింటి మర్యాద. సంక్రాంతిని గురించిన పేజీల కొద్దీ వర్ణనల్లో ముగ్గు చుక్కల లెక్క దొరుకుతుంది గాని, పిండి చుట్టు తిరిగే ఈ వేళ్ల శ్రమ దొరకడం అరుదు. ముగ్గు వాకిట్లో ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. సకినం లోపలి అరుగుమీద తయారవుతుంది. వాకిట్లో నిలబడ్డ కథకుడి చూపు అక్కడిదాకా పోలేదనుకోవాలి.

ఈ ప్రాంతపు చలికాలానికి సంక్రాంతి ఆరంభం వంటిది. శిఖరం మాఘంలో ఉన్నది.

4. గొర్రె నడిచిన దారి:

మాఘమాసపు జాతర దగ్గరికి పోయేముందు ఈ నేలమీద వాకిలి అన్న మాటకు ఉన్న ఇంకొక అర్థాన్ని చూడాలి. నిజాం పాలనలో తుంగతుర్తి, సూర్యాపేట పరిసరాలు దేశ్‌ముఖుల ఏలుబడిలో ఉన్నవి. ఇక్కడ అందరి రాకపోకలూ దొర గడీ వాకిలివైపే సాగేవి, భిక్ష కోసం కాదు, వెట్టికోసం. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో కులవృత్తులవారీగా ఈ వెట్టిని వివరించారు. చాకలి, మంగలి, కుమ్మరి, గీత కార్మికులు తమ పనిని, వస్తువును ఉచితంగా సమర్పించవలసి వచ్చేది. గొల్లలు దొర ఇంటి వేడుకలకు గొర్రెలు తోలవలసి వచ్చేది. వేడుక గడీలోది, గొర్రె గొల్లవానిది.

డెల్టా సంక్రాంతి వర్ణనలో ధాన్యం ఇంటి లోపలి నుంచి బయటికి, గుప్పెడుగా ప్రవహిస్తుంది. గడీ ముందు గొర్రె బయటి నుంచి లోపలికి, మందలో నుంచి ప్రవహిస్తుంది. పండుగనాడు వాకిలి దాటే వస్తువు ఏ దిక్కుకు పోతున్నదో చూడకుండా ఆ పండుగ ఎవరిదో చెప్పలేం. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల (1969) గడీ లోపలి ఈ ప్రపంచాన్ని నిర్దాక్షిణ్యంగా చూపింది. అయితే ఆ నవల కూడా తెలంగాణ పల్లెను బయటి నుంచి వచ్చిన సంగీతజ్ఞుడు పాణి రాకతోనే తెరుస్తుంది. గడీలోకి ప్రవేశం దొరికిన కళాకారుడి చూపు అది. దానికి గడీలోని క్రౌర్యం స్పష్టంగా కనిపిస్తుంది. మంద వెంట తిరిగే గొల్లవాని దేవుడు కనిపించడు. నవల బలాన్ని తగ్గించే మాట కాదిది. కథకుడు నిలబడిన చోటు ఎంత దూరం చూడనిస్తుందో అంతే కనిపిస్తుందనడానికి మంచి నవల కూడా సాక్ష్యమే.

ఈ నేలలోనే వాకిలి దాటిన ధాన్యానికి మూడో అర్థం కూడా ఏర్పడింది. తుంగతుర్తి ప్రాంతపు కర్విరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం, ఆంధ్రమహాసభ పిలుపునందుకొని చిన్నవయసులోనే తమ ఇంటి వెట్టి కూలీలకు బియ్యం పంచారు. ఇంటి ఆడపిల్ల వాకిట్లో నిలబడి గింజలు పోయడమనే ఆ చర్య సంక్రాంతి కవితలో హరిదాసు పాత్రలో పోయడానికి భిన్నంగా కనిపించదు. ఒకటి ఆచారాన్ని నిలబెడుతుంది, రెండోది ఇంటి కట్టును తెంచుతుంది. తరువాత ఆమె ఉయ్యాల పాటల బాణీలో పోరాట గీతాలు పాడారు; 1978, 1983 ఎన్నికల్లో తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. వాకిలి అనే ఒక్క స్థలానికి ఈ ప్రాంతంలో ఇన్ని అర్థాలున్నప్పుడు, దాన్ని ముగ్గుకు మాత్రమే పరిమితం చేసిన వర్ణనను సమగ్రమనడం కష్టం.

5. గట్టు మీది దేవుడు:

సూర్యాపేట దాటి విజయవాడ వైపు వెళ్లే రహదారి పక్కన, చివ్వెంల మండలం దురాజ్‌పల్లి దగ్గర పెద్దగట్టు ఉన్నది. దీన్నే గొల్లగట్టు అని కూడా అంటారు. గుట్టమీద లింగమంతుల స్వామి, ఆయన సోదరి చౌడమ్మ. రెండేళ్లకొకసారి మాఘమాసంలో ఐదురోజుల పాటు ఇక్కడ జరిగే జాతర తెలంగాణలో మేడారం తరువాత అంతటిదని పేరు. ఇటీవలి జాతరలు 2019లో ఫిబ్రవరి 24న, 2021లో ఫిబ్రవరి 28న, 2023లో ఫిబ్రవరి 5న, 2025లో ఫిబ్రవరి 16న మొదలయ్యాయి. ఈ నాలుగు తేదీలూ ఆదివారాలే. ఏటా జనవరి 14నో 15నో వచ్చే సంక్రాంతి సూర్యుని లెక్క. ఇది చంద్రుని మాసానికి, వారానికి ముడిపడిన లెక్క. మేడారం జాతర కూడా మాఘంలోనే, కానీ సరి సంవత్సరాల్లో. బేసి సంవత్సరం పెద్దగట్టుది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలంగాణ మాఘం ఏ ఏడూ జాతర లేకుండా గడవదు. పండుగలను వార్షిక పట్టికలో మాత్రమే నమోదు చేసే పరిశోధనకు ఈ రెండేళ్ల లయ అందదు.

జాతరకు ముందు దిష్టిపూజ జరుగుతుంది. కేసారం నుంచి దేవుళ్ల విగ్రహాలున్న దేవరపెట్టె ఊరేగింపుగా గట్టుకు చేరుతుంది. యాదవ స్త్రీలు బోనం గంపలు ఎత్తుకొని, పురుషులు గజ్జెల లాగులు తొడిగి, డోళ్లు భేరీల మోతతో “ఓ లింగా, ఓ లింగా” అంటూ గుట్టెక్కుతారు. లింగమంతుల స్వామికి నైవేద్యం, చౌడమ్మకు గొర్రెపొట్టేళ్లు. ఆ తరువాత చంద్రపట్నం వేసి దేవుని కథ పాడటం, నెలవారం. పూజలో ఏ పని ఏ వంశానిదో తరతరాలుగా నిర్ణయమై ఉన్నది. ఇక్కడ ఇంటికి వచ్చేవాడు లేడు, ఇచ్చేవాడు లేడు. అందరూ ఇల్లు తాళం వేసి బయలుదేరినవారే. గట్టుకింద బండి విప్పుకొని, ఎడ్ల స్థానంలో ఇప్పుడు ట్రాక్టరు వచ్చినా, ఆరుబయటే వండుకొని తింటారు. గడీ వాకిలికి ఉచితంగా పోయిన గొర్రె ఇక్కడ మొక్కుగా, పెంచినవాని చేతిమీదుగానే దేవతకు చేరి, అతని బంధువుల విస్తట్లోకే తిరిగి వస్తుంది. దేవుడు ఒకప్పుడు ఉండ్రుగొండ పెద్దగుట్టమీద ఉండేవాడని, గంపతో ఎక్కుతున్న గర్భిణి జారిపడి చనిపోవడంతో భక్తుల కష్టం చూడలేక చిన్నగుట్టకు దిగివచ్చాడని ఐతిహ్యం. ఎక్కలేనివారి కోసం ఎత్తు తగ్గించుకొన్న దేవుని కథ ఇది. ఎత్తరుగుల ఇళ్ల సాహిత్యంలో ఇటువంటి ఐతిహ్యానికి చోటు దొరకకపోవడం ఆశ్చర్యం కాదు.

ఈ ‘బయలుదేరే పండుగ’ తెలుగు సాహిత్యానికి అపరిచితమైనదీ కాదు. తుంగతుర్తికి ఉత్తరాన ఉన్న పాలకుర్తి ప్రాంతపు కవిగా ప్రసిద్ధుడైన పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని, వారి ఆటపాటలను విస్తారంగా వర్ణించాడు. కాకతీయుల ఓరుగల్లును చిత్రించిన ‘క్రీడాభిరామం’లో మైలారదేవుని భటుల సాహస విన్యాసాలు ఉన్నాయి, ఆ మైలారుడు పశుపాలకుల మల్లన్నే. కావ్యాల నుంచి జనజీవితాన్ని ఏరి చూపిన సురవరం వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) ఈ మార్గాన్ని చూపింది. కాబట్టి మన ప్రాచీన సాహిత్యంలో గట్టు పండుగకు చోటున్నది. అది తగ్గిపోయింది ఆధునిక కాలంలో, పండుగ అన్న మాట మధ్యతరగతి ఇంటి సెలవుగా మారిన తరువాత.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దాన్ని దాటవేస్తే వాదన తేలికవుతుంది గాని నిలవదు. సోమనాథుడు పేర్కొన్న జానపద గేయ భేదాల్లో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలతో పాటు గొబ్బి పదాలు కూడా ఉన్నాయి. నేడు కోస్తా సంక్రాంతి గుర్తుగా చెప్పుకొనే గొబ్బి, ఎనిమిది వందల ఏళ్ల నాటికే ఒక తెలంగాణ కవి ఎరిగిన పాట. కనుక ‘వాకిలి డెల్టాది, గట్టు తెలంగాణది’ అని ప్రాంతాలుగా కోసి పంచుకోవడానికి వీల్లేదు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958)తో విశ్వవిద్యాలయాల్లో మొదలైన గేయ పరిశోధన ముందుకు తేవలసిన ప్రశ్న ఇది: గొబ్బి ఎక్కడ పుట్టిందని కాదు, ఏ నేలమీద, ఎవరి ఇళ్లలో నిలిచిందని. నీరు, నేల, కులం మారినకొద్దీ ఒకే పాట ఒకచోట ప్రధాన ఆచారమై, మరొకచోట ఒక గుర్తుగా మిగులుతుంది.

6. కాలువ వెంట:

నీటికీ పండుగకూ ఉన్న ఈ సంబంధాన్ని చూడటానికి దూరం పోనక్కరలేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది; 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ పారిన కోదాడ, మిర్యాలగూడ పొలాల్లోకి నీటితో పాటు కృష్ణా, గుంటూరు జిల్లాల రైతు కుటుంబాలు కూడా వచ్చాయి. రెండు పంటల వరి, బియ్యపు మిల్లులు, ధాన్యం డబ్బు చేతికొచ్చే కాలం – ఇవన్నీ కుదిరిన చోట సంక్రాంతి పెద్ద పండుగ కావడానికి అనువైన పరిస్థితి ఏర్పడింది. దీన్ని కోస్తా అనుకరణ అని కొట్టిపారేయడం సరికాదు. ఆ నేల ఆర్థికం మారింది, పండుగ దాని వెంట నడిచింది. అదే జిల్లాలోని మెట్టభాగం మాత్రం మాఘం కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

ఇటీవలి సంవత్సరాల్లో శ్రీరామసాగర్ రెండో దశ కాలువల ద్వారా గోదావరి నీరు తుంగతుర్తి వైపు చేరుతున్నది. చెరువులు నిండుతున్న కొద్దీ యాసంగి వరి పెరుగుతున్నది. వరి పెరిగితే, మాఘంలో మందలు తిరిగే బీడు తగ్గుతుంది. కోసిన చేలల్లో ఎరువుకోసం మంద పెట్టించుకొనే రైతుకు ఆ వ్యవధి ఉండదు, ఎందుకంటే అప్పటికి పొలంలో నాట్లు పడి ఉంటాయి. గొర్రె మేసే చోటు తగ్గినప్పుడు గొర్రె చుట్టూ అల్లుకొన్న జాతర ఏ రూపం తీసుకొంటుందో గమనించవలసిన సమయం ఇదే. పెద్దగట్టు తరువాతి జాతర 2027 మాఘంలో రావలసి ఉన్నది. ఆ ఐదురోజులూ గట్టు దగ్గర ఉండబోయే పరిశోధకుడు హరిదాసు ఉన్నాడా లేడా అనే పాత పట్టికను ఇంట్లో వదిలి, మొక్కుకు వచ్చిన పొట్టేలు సొంత మందలోదా, అంగడిలో కొన్నదా అని మొదట అడగాలి.